గాజు పలక మీద ఓ గీత

'ఏమే, పేపర్లో అన్నీ రాస్తావుగా... ఈ కాగితంలో ఏముందో కాస్త చదివి చెప్పు.'

దిండు కింద నుంచి ఓ తెల్ల కవరు తీసి నా చేతిలో పెట్టింది మా పెద్దమ్మ. అది 2018 డిసెంబరు. ఆదివారం మధ్యాహ్నం. సత్తెనపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో, వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. కవరులో ఉన్నది ఒకటే కాగితం. అందులో సగం నాకూ అర్థం కాలేదు. చివర్లో ఉన్న ఒక్క వాక్యం మాత్రం తెలిసింది. 'ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు కనిపించలేదు' అన్నది దాని సారాంశం.

'మార్పేం లేదంటే మంచిదేగా?' అంది.

'మంచిదే పెద్దమ్మా' అన్నాను. అది అబద్ధం.

ఏ పరీక్షలోనైనా 'లేదు' అని వస్తే ఊపిరి పీల్చుకుంటాం. షుగర్ లేదు, గుండెజబ్బు లేదు, హమ్మయ్య అనుకుంటాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లకు చేసే ఈ జన్యు పరీక్ష తీరే వేరు. ఇందులో 'ఉంది' అని రావాలనే ఇంటిల్లిపాదీ మొక్కుకుంటారు. ఉంటే రోజుకో మాత్ర. ఇంట్లోనే ఉండి, తిని తిరుగుతూ వేసుకోవచ్చు. లేకపోతే మూడు వారాలకోసారి ఆసుపత్రిలో ఎక్కించే కీమో.

పెద్దమ్మ జీవితంలో ఒక్క చుట్ట ముక్క ముట్టుకున్న మనిషి కాదు. నలభై ఏళ్లు పత్తికట్టె, కందికట్టె పొయ్యి మీద వంట చేసింది. దగ్గు మొదలైతే ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. మూడు నెలలు ఆ మందులే మింగింది. బరువు తగ్గుతూనే ఉంది. చివరికి సీటీ స్కాన్, ఆపైన సూదితో ముక్క తీసి పరీక్ష. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, ఊపిరితిత్తి దాటి పాకిందని తేలింది. మన దగ్గర ఇలా టీబీ మందుల మీదుగా క్యాన్సర్ దాకా వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండింటికీ దగ్గే, రెండింటికీ ఎక్స్‌రేలో మచ్చే మరి!

ఆ కాగితం నమ్మి కీమో మొదలుపెట్టారు. రెండు విడతలయ్యాయి. ఒకసారి హైదరాబాద్‌లో కూడా చూపిద్దామని అన్నయ్య ఆసుపత్రి నుంచి స్లైడు, మైనం బ్లాకు అడిగి తీసుకుని బయల్దేరాడు. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ ఓ పెథాలజిస్టు మైక్రోస్కోపులో స్లైడు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి, ఎదురుగా ఉన్న రెండో కళ్లద్దాల్లోంచి చూడమన్నారు. గులాబీ రంగు నేల మీద వంగపండు రంగు చుక్కలు. వాటి చుట్టూ పెన్నుతో గీసిన ఓ గుండ్రటి గీత.

'ఈ గీత లోపలి కణాల్లో క్యాన్సర్‌వి ఎన్ని ఉంటాయో చెప్పండి చూద్దాం' అన్నారామె.

'సగం ఉంటాయేమోనండీ!'

'పదో వంతు కూడా లేవు. మీ పెద్దమ్మగారి పరీక్ష వీటితోనే చేశారు.'

అప్పటిదాకా జన్యు పరీక్ష అంటే ఏదో పెద్ద యంత్రం చేసే పని అనుకునేదాన్ని. దానికి ముందు ఓ కన్ను, ఓ పెన్ను ఉంటాయని ఆ రోజే తెలిసింది. ఈ వారం కబుర్లు ఆ గీత గురించే.

కొందరికే పనిచేసే మాత్ర

ముందు ఆ మాత్ర కథ చెప్పుకోవాలి. గెఫిటినిబ్ అనే మందు 2002లో జపాన్‌లో, 2003లో అమెరికాలో అనుమతి పొందింది. వాడి చూసిన డాక్టర్లకు ఓ వింత కనిపించింది. ఎక్కువమందికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. కొద్దిమందికి మాత్రం వారాల్లోనే కణితి కరిగిపోయింది. ఆ కొద్దిమందిలోనూ ఆడవాళ్లు, పొగతాగే అలవాటు లేనివాళ్లు, తూర్పు ఆసియా దేశాలవాళ్లు ఎక్కువ. ఎందుకిలా?

2004లో బోస్టన్‌లో రెండు బృందాలు, న్యూయార్క్‌లో మరో బృందం ఆ ముడి విప్పాయి. మందు పనిచేసినవాళ్ల కణితుల్లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో చిన్న మార్పు ఉంది. మామూలుగా ఈ జన్యువు తయారుచేసే ప్రొటీను కణం గోడ మీద కాలింగ్‌బెల్ స్విచ్చులా ఉంటుంది. బయటి నుంచి ఎవరైనా నొక్కితేనే 'పెరుగు' అని కణానికి కబురు వెళ్తుంది. మార్పు వచ్చిందంటే స్విచ్చు ఇరుక్కుపోయినట్టే. ఎవరూ నొక్కకపోయినా బెల్లు మోగుతూనే ఉంటుంది, కణం పెరుగుతూనే ఉంటుంది. మాత్ర చేసే పని ఆ మోతను ఆపడమే. స్విచ్చు బాగానే ఉండి వేరే కారణంతో క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఆ మాత్ర దండగ.

ఎంత దండగో 2009లో వచ్చిన ఓ పెద్ద పరిశోధన తేల్చింది. తూర్పు ఆసియా దేశాల్లో 1,217 మంది మీద చేసిన ఆ అధ్యయనం పేరు ఐపాస్. జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో మాత్రతో వందకు 71 మందికి కణితి తగ్గింది. కీమోతో 47 మందికి తగ్గింది. మార్పు లేనివాళ్లలో లెక్క తిరగబడింది. మాత్రతో వందకు ఒక్కరికి, కీమోతో 23 మందికి పైగా తగ్గింది. అంటే మార్పు ఉన్నవాళ్లకు మాత్ర అందకపోవడం ఎంత నష్టమో, లేనివాళ్లకు మాత్ర ఇచ్చి కూర్చోవడం అంతకు మించిన నష్టం. పరీక్ష సరిగ్గా ఉండాలనేది అందుకే.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అడినోకార్సినోమా అనేది ఎక్కువగా కనిపించే రకం. పాశ్చాత్య దేశాల్లో ఈ రకం వచ్చిన వందమందిలో పది, పదిహేను మందికి ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉంటుంది. తూర్పు ఆసియాలో దాదాపు సగం మందికి ఉంటుంది. మనదేశంలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి. 2022లో మనదేశంలో కొత్తగా 81 వేలమందికి పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందని, 75 వేలమంది దాంతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా. ఇన్ని వేలమందిలో ఈ మార్పు ఉన్నవాళ్లు తక్కువేం కాదు.

మందు కోసం సముద్రాలు దాటక్కర్లేదు. గెఫిటినిబ్‌ను మనదేశంలో తయారుచేసే కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి. ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు ఈ మాత్రకు కీమోను జతచేసి చూశారు. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో జబ్బు ముదరకుండా సగటున 8 నెలలు ఆగితే, రెండూ కలిపి వాడినవాళ్లలో 16 నెలలు ఆగింది. ఆ తర్వాతి తరం మందు ఒసిమెర్టినిబ్ కూడా 2015లో అమెరికాలో అనుమతి పొందింది. ఇన్ని దారులున్నాయి. ఏ దారిన వెళ్లాలో చెప్పాల్సింది మాత్రం ఆ చిన్న ముక్కే.

ముక్క ప్రయాణం

ఆ ముక్క ఎంతుంటుందో తెలుసా? సూదితో తీసింది సేమ్యా పుల్లంత ఉంటుంది. సీటీ స్కాన్ తెర మీద చూసుకుంటూ డాక్టరు పక్కటెముకల సందులోంచి సూదిని కణితి దాకా పంపుతారు. బొమ్మ అవసరం ఇక్కడే మొదలవుతుంది. పెద్ద కణితుల్లో నడిమధ్య భాగం ఒక్కోసారి చచ్చిపోయి ఉంటుంది. సూది అక్కడ దిగితే వచ్చేది పనికిరాని చెత్త. అంచున, బతికున్న చోట దిగాలి. స్కాన్ బొమ్మ ఆ చోటు చూపిస్తుంది.

తీసిన ముక్కను వెంటనే ఫార్మలిన్ అనే ద్రావణంలో వేస్తారు. కుళ్లిపోకుండా కాపాడేది అదే. అలాగని రోజుల తరబడి అందులోనే ఉంచితే డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. 6 గంటలకు తగ్గకుండా, 48 గంటలు దాటకుండా ఉంటే మంచిదని నిపుణుల మాట. సీసా పట్టుకుని ల్యాబుకు పరుగెత్తేది మన దగ్గర చాలాసార్లు ఇంటివాళ్లే. 'రేపు ఆదివారం కదా, ఎల్లుండి ఇద్దాంలే' అనుకుంటే నష్టపోయేదీ వాళ్లే.

తర్వాత ఆ ముక్కను మైనంలో పోతపోసి దిమ్మలా చేస్తారు. అదే బ్లాకు. దాన్ని ప్రత్యేకమైన కత్తితో పొరలు పొరలుగా కోస్తారు. ఒక్కో పొర మందం సుమారు 4 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో పదిహేనో వంతు అనుకోండి. గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి, గాజు పలక మీదకు ఎత్తుతారు. ఒక పొరకు రంగులు అద్దుతారు. కణాల నడుమ ఉండే కేంద్రకాలు ఊదా రంగులోకి, మిగతాదంతా గులాబీలోకి వస్తుంది. డీఎన్‌ఏ ఉండేది ఆ ఊదా చుక్కల్లోనే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ పొరలో ఉన్నవన్నీ క్యాన్సర్ కణాలు కావు. మంచి ఊపిరితిత్తి కణాలుంటాయి. రక్తనాళాలు, పీచు ఉంటాయి. క్యాన్సర్ మీదికి యుద్ధానికి వచ్చిన తెల్ల రక్తకణాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. పెథాలజిస్టు మైక్రోస్కోపులో చూసి క్యాన్సర్ కణాలు ఎక్కువున్న చోట పెన్నుతో గీత గీస్తారు. ల్యాబ్ టెక్నీషియన్ ఆ గీతను ఆనవాలుగా పెట్టుకుని, రంగు వేయని పక్క పొరల మీద అదే చోటును బ్లేడుతో గీకి ట్యూబులో వేస్తారు. యంత్రం దగ్గరకు వెళ్లేది ఆ గీకుడే. గీత బయట ఏమున్నా దానికి తెలీదు. గీత లోపల ఏది ఎంత ఉందో కూడా దానికి తెలీదు.

పులిహోరలో పల్లీలు

లోపల ఎంత ఉందో తెలియకపోతే ఏమవుతుంది? చిన్న లెక్క చూద్దాం. ప్రతి కణంలోనూ ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి అమ్మ వైపు నుంచి, ఒకటి నాన్న వైపు నుంచి వచ్చినవి. క్యాన్సర్ కణంలో సాధారణంగా ఆ రెంటిలో ఒకదానిలోనే మార్పు ఉంటుంది. గీకి తీసిన వంద కణాల్లో పదే క్యాన్సర్‌వి అనుకోండి. మొత్తం ప్రతులు 200. వాటిలో మారినవి 10. అంటే వందకు అయిదు. సాంగర్ అనే పాతకాలం పద్ధతికి మారిన ప్రతులు వందలో పదిహేనో ఇరవయ్యో ఉంటే తప్ప కనిపించవు. కాబట్టి అది 'మార్పు కనిపించలేదు' అంటుంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. దానికి నిజంగానే కనిపించలేదు! కొత్త పద్ధతులకు చూపు ఎక్కువే, కానీ వాటికీ ఓ హద్దుంది.

మరి పెథాలజిస్టులు ఎంత శాతం ఉందో చూసి చెప్తారు కదా అంటారా? చెప్తారు. కానీ అది కంటి అంచనా. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ అంచనాలను పరీక్షకు పెట్టి, అవి అంత కచ్చితం కాదని తేల్చారు. ఇది అనుభవం లేకపోవడం వల్ల వచ్చే తప్పు కాదు, మనిషి కన్ను తీరే అంత. కంచంలో పులిహోర వడ్డించారనుకోండి. పల్లీలు పదే ఉన్నా కళ్లు వాటి మీదే పడతాయి. ఆవాలు యాభై ఉన్నా లెక్కలోకి రావు. క్యాన్సర్ కణాల కేంద్రకాలు పల్లీల్లా పెద్దవి. తెల్ల రక్తకణాలవి ఆవాల్లా చిన్నవి. జాగా ఎక్కువ ఆక్రమించింది క్యాన్సరే కావచ్చు. డీఎన్‌ఏ లెక్కకొచ్చేసరికి మాత్రం పల్లీకీ ఒకటే ఓటు, ఆవగింజకీ ఒకటే ఓటు. నేను 'సగం' అని తప్పు చెప్పింది ఇందుకే.

ఇక్కడే కంప్యూటర్ సాయానికి వస్తుంది. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో క్వీన్స్ యూనివర్సిటీకి చెందిన పీటర్ హామిల్టన్ బృందం టిష్యూమార్క్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. స్లైడు మొత్తాన్ని స్కానర్‌తో ఫొటో తీస్తారు. ఆ బొమ్మలో కంప్యూటర్ ఒక్కో ఊదా చుక్కనూ గుర్తించి, క్యాన్సర్‌ది ఏది, కానిది ఏది అని లెక్కపెడుతుంది. ఎక్కడ గీయాలో గీత కూడా తనే గీసి చూపిస్తుంది. 2015లో వాళ్లు ప్రచురించిన వ్యాసంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఒకే స్లైడు చూసి వేర్వేరు పెథాలజిస్టులు చెప్పిన శాతాల మధ్య చాలా తేడా ఉంది. రెండు, 245 ఊపిరితిత్తుల క్యాన్సర్ స్లైడ్ల మీద కంప్యూటర్‌ను పరీక్షిస్తే, అది గీసిన గీతలు నిపుణులు గీసినవాటితో బాగా సరిపోయాయి. దాని గీత ప్రకారం గీకి జన్యు పరీక్ష చేసినా ఈజీఎఫ్‌ఆర్ ఫలితాలు మారలేదు. శాతం లెక్కల్లో తేడాలు తగ్గాయి. కంప్యూటర్ డాక్టరును పక్కకు నెట్టలేదు. డాక్టరు కన్ను అలసిపోయే చోట, మోసపోయే చోట లెక్క చూసిపెట్టిందంతే.

ఎరుపు, ఆకుపచ్చ... విడిపోతే జబ్బు

బొమ్మనే పరీక్షగా మార్చిన ఉదాహరణ ఇంకోటుంది. 2007లో జపాన్ శాస్త్రవేత్త హిరోయుకి మానో బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మరో రకం మార్పు కనిపెట్టింది. ఏఎల్‌కే అనే జన్యువు తన చోటు నుంచి తెగి, వేరే జన్యువుకు అతుక్కోవడం. వందమందిలో నలుగురైదుగురికే ఉంటుంది. నాలుగేళ్లకే, 2011లో, దానికి క్రిజోటినిబ్ అనే మందు వచ్చేసింది.

తెగిందో లేదో తెలుసుకోవడమెలా? జన్యువుకు ఒకవైపు ఎర్రగా, మరోవైపు ఆకుపచ్చగా వెలిగే గుర్తులు అతికిస్తారు. చీకటి గదిలో ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో చూస్తారు. జన్యువు సవ్యంగా ఉంటే రెండు రంగులూ కలిసి పసుపుగా కనిపిస్తాయి. తెగితే ఎరుపు ఓ పక్కకి, ఆకుపచ్చ ఓ పక్కకి విడిపోతాయి. కనీసం 50 క్యాన్సర్ కణాలు వెతికి లెక్కపెట్టాలి. వందకు 15 కణాల్లోనైనా విడిపోయి కనిపిస్తే మార్పు ఉన్నట్టు. 14 శాతం వస్తే ఒక మందు, 15 శాతం వస్తే ఇంకో మందు! కళ్లు చికిలించుకుని చుక్కలు లెక్కపెట్టే మనిషి మీద ఎంత భారమో చూడండి. ఇప్పుడు చాలా ల్యాబుల్లో ముందుగా గోధుమరంగు తేలే మరో తేలిక పరీక్ష చేస్తున్నారు. చుక్కల పరీక్షను అనుమానం వచ్చినప్పుడు వాడుకుంటున్నారు. కెమెరా, కంప్యూటర్ ఈ లెక్కలోనూ తోడుంటున్నాయి.

బొమ్మ చూసి జన్యువు చెప్పగలదా?

ఇంకో అడుగు ముందుకేసినవాళ్లూ ఉన్నారు. అసలు గీకకుండా, ట్యూబులో వేయకుండా, రంగు వేసిన స్లైడు బొమ్మను చూసి జన్యువులో మార్పుందో లేదో కంప్యూటర్ చెప్పగలదా? 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రయత్నించారు. వందలాది స్లైడ్లు చూపించి కంప్యూటర్‌కు నేర్పారు. ఈజీఎఫ్‌ఆర్ సహా ఆరు జన్యువుల మార్పులను అది కొంతవరకు పసిగట్టగలిగింది. ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కంటికి దొరకని తేడాలవి.

'కొంతవరకు' అన్న మాట గమనించండి. మాత్ర మొదలుపెట్టడానికి అది చాలదు. మరి దేనికి పనికొస్తుంది? 2025లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ వాళ్లు ఓ జవాబు చూపించారు. అక్కడ పూర్తిస్థాయి జన్యు పరీక్ష ఫలితం రావడానికి వారాలు పడుతుందని, ముందుగా ఈజీఎఫ్‌ఆర్ ఒక్కదానికే ఓ త్వరిత పరీక్ష చేస్తారు. దానికీ కాస్త ముక్క ఖర్చవుతుంది. అసలే సేమ్యా పుల్లంత ముక్క. త్వరిత పరీక్షకే అయిపోతే పెద్ద పరీక్షకు మిగలదు. బొమ్మ చూసి కంప్యూటర్ ముందే వడపోస్తే, త్వరిత పరీక్షల్లో 43 శాతం దాకా తప్పించవచ్చని వాళ్ల లెక్క. మిగిలిన ముక్క పెద్ద పరీక్షకు పనికొస్తుంది. అంటే బొమ్మ తీర్పు చెప్పడం లేదు. ముక్కను పొదుపు చేస్తోంది.

ఒకచోటి స్లైడ్లతో నేర్చుకున్న కంప్యూటర్ మరోచోటి స్లైడ్లు చూసి తడబడటం మామూలే. రంగులద్దే తీరు, స్కానర్ రకం ల్యాబు ల్యాబుకీ మారతాయి. అందుకే మన ల్యాబుల్లో వాడేముందు మన స్లైడ్ల మీద పరీక్షించి చూడాల్సిందే.

అడగడానికి మొహమాటమెందుకు?

ఇదంతా డాక్టర్ల పని, మనమేం చేస్తాం అనుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష చేయించాల్సి వస్తే ఇవి గుర్తుంచుకోండి.

* రిపోర్టులో క్యాన్సర్ కణాల శాతం రాశారో లేదో చూడండి. రాయకపోతే అడగండి. పరీక్ష పద్ధతి ఏదైనా, 20 శాతమే క్యాన్సర్ కణాలున్న ముక్కలో కూడా మార్పును పట్టుకోగలిగేలా ఉండాలని 2018లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు సూచించాయి.

* 'మార్పు లేదు' వేరు, 'ముక్క సరిపోలేదు' వేరు. రెండోది వస్తే ల్యాబు మీద కోపం తెచ్చుకోవద్దు. తెలియనిది తెలియదని చెప్పడం నిజాయతీ. మళ్లీ ముక్క తీయవచ్చేమో, రక్తంతో చేసే పరీక్ష కుదురుతుందేమో డాక్టరును అడగండి. రక్తంలో ఈజీఎఫ్‌ఆర్ మార్పును వెతికే పరీక్షకు అమెరికాలో 2016లోనే అనుమతి వచ్చింది. అందులోనూ అంతే... 'ఉంది' అంటే నమ్మొచ్చు, 'లేదు' అంటే ముక్కతో మళ్లీ సరిచూసుకోవాలి.

* బ్లాకులు, స్లైడ్లు జాగ్రత్త. వేరేచోట చూపించాలనుకుంటే అడిగి తీసుకోవచ్చు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. అది మైనం!

* ఎముక నుంచి ముక్క తీశారా? ఎముకను మెత్తబరిచే యాసిడ్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. జన్యు పరీక్ష కూడా కావాలని ముందే చెప్పాలి.

* 'ఆయన సిగరెట్లు తాగేవారు కదా, ఈ పరీక్ష ఎందుకు' అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పొగతాగేవాళ్లలో ఈ మార్పు తక్కువే కానీ లేకపోలేదు. అలవాట్లు చూసి, ఆడా మగా చూసి పరీక్ష మానేయకూడదని 2013లోనే నిపుణులు చెప్పారు.

పది వారాలు

హైదరాబాద్ పెథాలజిస్టు ఆ బ్లాకునే ఇంకాస్త లోతుగా కోయించారు. ఓ మూల క్యాన్సర్ కణాలు గుత్తిగా దొరికాయి. ఈసారి చిన్న గీత గీశారు, మునుపటి దాంట్లో నాలుగో వంతు ఉంటుందేమో. 2019 ఫిబ్రవరిలో రిపోర్టు వచ్చింది. ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉంది. ఆ మార్పు మొదటి నుంచీ అక్కడే ఉంది. మొదటి కాగితానికీ రెండో కాగితానికీ మధ్య పోయినవి పది వారాలు.

మాత్ర మొదలుపెట్టిన నెలకు పెద్దమ్మ దగ్గు తగ్గింది. ఉగాదికి తనే వేపపువ్వు ఏరింది. మనవరాలి వోణీల ఫంక్షన్‌లో వచ్చినవాళ్లందరికీ దగ్గరుండి వడ్డించింది. ఏడాదిన్నర బాగానే గడిచింది. తర్వాత మందుకు జబ్బు అలవాటుపడింది. 2021 సంక్రాంతికి ముందు వెళ్లిపోయింది.

మొదటి గీత గీసినవాళ్ల మీద నాకు కోపం లేదు. రోజుకు ఎన్ని స్లైడ్లు చూస్తారో, ఎంత ఒత్తిడిలో పనిచేస్తారో తర్వాత కళ్లారా చూశాను. ఆ పది వారాలు ముందే అందుంటే ఇంకెన్నాళ్లు ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఆ రెండు విడతల కీమో వాంతులు, ఊడిపోయిన జడ మాత్రం ఆమెకు తప్పేవేమో. మూరెడు జడ ఆమెది.

ఆ ఆదివారం వసారాలో ఆమె అడిగినదానికి నేను చెప్పాల్సిన జవాబు ఇప్పుడు తెలుసు.

'లేదు అని రాశారు పెద్దమ్మా. ఎందులో వెతికారో మాత్రం రాయలేదు. రేపే వెళ్లి అడిగి వస్తా.'